హైదరాబాదు సిటీ పోలీసు జట్టు: మనం రాసుకోని చరిత్ర

మా మిర్యాలగూడలో సాయంకాలం నేను నడకకు వెళ్లే మైదానంలో ముప్పాతిక భాగం క్రికెట్‌ది. మిగిలిన మూలలో, రైసుమిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చే దిక్కున, పది పన్నెండుమంది కుర్రవాళ్లు ఫుట్‌బాల్ ఆడుకుంటూ ఉంటారు. గోలుస్తంభాల స్థానంలో రెండేసి ఇటుకలు. ఇటుకలు దొరకనినాడు చెప్పుల జతలు. ఒంటిమీద మాత్రం ఇంగ్లండు, స్పెయిను క్లబ్బుల చొక్కాలు. ఆట ఆగినప్పుడు గట్టుమీద కూర్చుని నాతో మాట కలిపే కుర్రవాడొకడున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఒకనాడు ఫోనులో ఏదో ఆట చూపించి, తనకు ఇంగ్లండులో ఒక క్లబ్బు ఉన్నదన్నాడు.

"చిన్న ఊరి టీం సార్ నాది. నాన్-లీగ్. అట్టడుగుల ఉండె. రెండు మెట్లు ఎక్కించిన."

ఆ క్లబ్బు ఏ ఊరిదో, ఎప్పుడు పుట్టిందో, దాని మైదానంలో ఎందరు కూర్చోవచ్చునో, ఏ యేడు ఏ పెద్ద జట్టును ఓడించి పత్రికలకెక్కిందో అన్నీ చెప్పాడు. నేను ముచ్చటపడి విన్నాను. తరువాత అడిగాను.

"మన హైదరాబాదు జట్టు సంగతి ఎన్నడన్నా విన్నవా?"

"హైదరాబాద్ ఎఫ్‌సీయా సార్? అది ఢిల్లీకి పోయింది గద."

"అది గాదు. అంతకు ముందుది, పాతది. పోలీసు టీం."

"పోలీసోళ్లకు టీం ఉంటదా సార్?" అని నవ్వాడు.

ఆ నవ్వులో తప్పేమీ లేదు. ఏడు సముద్రాల అవతలి ఊరి జట్టు పుట్టుపూర్వోత్తరాలు అతనికి తెలియడానికి కారణం, ఆ ఊరివాళ్లు వాటిని రాసిపెట్టుకోవడం. నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఆడి, భారతదేశాన్నంతా ఓడించిన జట్టు గురించి తెలియకపోవడానికి కారణం మనమే. ఆ రాత్రి ఇంటికి వచ్చి, నాకు తెలిసినంత మేరకు ఒక క్రమంలో పెడదామని కూర్చున్నాను. ఈ వ్యాసం అలా మొదలైంది.

*

ముందుగా ఆ కుర్రవాడి మాటనే విప్పి చెబుతాను. ఇంగ్లండులో పై నాలుగు శ్రేణుల్లో ఆడే 92 క్లబ్బులను లీగు క్లబ్బులు అంటారు. వాటి కింద మెట్లుమెట్లుగా ఉన్న వందలాది క్లబ్బులన్నీ నాన్-లీగ్. వాటిలో చాలావాటికి ఆటగాళ్లు వారమంతా వేరే పనులు చేసుకుని శనివారం మధ్యాహ్నం బూట్లు కట్టుకునేవాళ్లు. గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాడు, గడ్డి కోసేవాడు, టీ కాచి ఇచ్చే ఆమె, వీళ్లలో ఎక్కువమంది జీతం పుచ్చుకోని ఊరివాళ్లే.

ఈ తరహా క్లబ్బుల్లో అందరికంటే పెద్దది షెఫీల్డ్ ఎఫ్‌సీ. పెద్దదంటే బలంలో కాదు, వయసులో. 1857 అక్టోబరు 24న నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ అనే ఇద్దరు మిత్రులు దాన్ని స్థాపించారు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం పుట్టింది 1863లో. అంటే సంఘం కంటే ఆరేళ్లు ముందు పుట్టిన క్లబ్బు. ప్రపంచంలో నేటికీ బతికి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బులలో ఇదే అతి ప్రాచీనమైనదని ఫిఫా కూడా ఒప్పుకుంది. ఇంత ఆయుష్షులో అది గెలిచిన చెప్పుకోదగిన కప్పు 1904లో అమెచ్యూర్ కప్పు ఒక్కటే. ఇప్పటికీ కింది శ్రేణులలోనే, షెఫీల్డ్ పక్కనున్న డ్రాన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఆడుతూ ఉంటుంది. అయినా 2004లో ఫిఫా తన గౌరవ పురస్కారానికి రెండే క్లబ్బులను ఎంచుకుంటే, ఒకటి రియల్ మాడ్రిడ్, రెండవది ఈ షెఫీల్డ్. 2011లో డబ్బు అవసరమై, తొలినాళ్లలో చేతితో రాసుకున్న ఆట నియమాల కాగితాలను క్లబ్బు వేలంలో అమ్మితే 8,81,250 పౌండ్లు పలికాయి.

కప్పులు గెలవని క్లబ్బుకు కాగితాలు మిగిలాయి. ఇక కప్పులన్నీ గెలిచి కాగితాలు మిగలని జట్టు సంగతి చూద్దాం.

*

హైదరాబాదులో ఫుట్‌బాల్ సికింద్రాబాదు కంటోన్మెంటు పుణ్యమా అని నాటుకుంది. బ్రిటిషు పటాలాలు ఆడుకున్న ఆటను చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చారు. బస్తీలలో జట్లు పుట్టాయి. పోలీసు జట్టు మొదట సిటీ ఆఫ్ఘన్స్ అనే పేరుతో ఆడేది. 1943లో బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్పును ఈ జట్టు గెలుచుకున్నది. ఆ సంవత్సరమే సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకుని, అక్కడి జట్టుకు ఆడి, ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించినవారు. చనిపోయేదాకా, అంటే ఇరవై యేళ్లు, ఆ కార్యదర్శి పదవి ఆయన చేతిలోనే ఉంది. 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షకుడూ ఆయనే.

1950 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మా నల్లగొండ జిల్లావాళ్లకు ఆ సంవత్సరం ఫుట్‌బాల్‌ను గుర్తుచేయదు. 1946లో మొదలై 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు గుండెకాయ వంటివి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది గాని పల్లెలకు శాంతి రాలేదు. ఊరూరా సైనికుల, పోలీసుల క్యాంపులు వెలిశాయి. మా నాయనమ్మ తన ముసలితనంలో కూడా ఖాకీ బట్ట కంటబడితే మాట ఆపేసేది. తపాలా జవాను వచ్చినా సరే, ఒక్క క్షణం ఆమె చేతిలోని చాట కదలకుండా నిలిచిపోయేది. నగర పోలీసు వేరు, పల్లెలలో దిగిన బలగాలు వేరు. కాని ఆ భేదం ఆమెకు ఎవరు చెప్పాలి?

మా పెద్ద మేనమామది వేరే జ్ఞాపకం. ఆయన చదువుకోసం హైదరాబాదు వెళ్లి, చదువు కంటె ఎక్కువగా ఫతేమైదాన్‌లో గడిపి వచ్చినవాడు. వేసవి రాత్రులు వేపచెట్టు కింద మంచం వాల్చుకుని, మాకు నిద్ర వచ్చేదాకా పేర్లు చదివేవాడు. నూర్, అజీజ్, మొయిన్, లాయక్, జమాల్, పాట్రిక్, సూసై... నాకు చాలాకాలం అవి ఏదో కథలోని రాకుమారుల పేర్లనే అనుకున్నాను. "వీళ్లంతా ఎవరు మామయ్యా?" అంటే, "పోలీసులురా" అనేవాడు. నాయనమ్మ అప్పుడు మా ఇంట్లో ఉన్నదంటే లేచి లోపలికి పోయేది. ఒకే మాట ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా వినబడేది. ఈ జట్టు చరిత్ర మా ప్రాంతంవాళ్లు ఎందుకు చెప్పుకోలేదన్న ప్రశ్నకు ఒక జవాబు అక్కడ ఉన్నదని ఇప్పుడనిపిస్తుంది.

సరే, 1950లో ఏం జరిగింది? భారతదేశపు ఫుట్‌బాల్‌లో ఆనాడు మూడు పోటీలు పెద్దవి. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పు, 1893లో కలకత్తాలో మొదలైన ఐఎఫ్ఏ షీల్డు. 1950లో హైదరాబాదు పోలీసు జట్టు మొదటి రెండింటినీ గెలిచింది. స్వాతంత్ర్యం తరువాత జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ అది, ఢిల్లీలో జరిగింది. ఫైనల్లో ఎదుటి జట్టు మోహన్ బగాన్. 1911లో ఐఎఫ్ఏ షీల్డు ఫైనల్లో తెల్లవాళ్ల జట్టును ఓడించి దేశమంతా పేరు మోసిన జట్టు అది. మొదటి ఆట 2-2తో సమమైంది. మళ్లీ ఆడితే పోలీసులు 1-0తో గెలిచారు.

అది గాలివాటు గెలుపు కాదు. రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు హైదరాబాదు పోలీసులే తెచ్చుకున్నారు. డ్యూరాండ్‌ను 1954లోనూ 1957లోనూ మళ్లీ గెలిచారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అన్న పేరుతో నాలుగవసారి గెలిచారు, మళ్లీ మోహన్ బగాన్ మీదనే. నెలజీతానికి పనిచేసే ఒక ప్రభుత్వ శాఖ జట్టు, లక్షల అభిమానులు, వేల సభ్యులు ఉన్న కలకత్తా క్లబ్బులను పదేళ్లపాటు ఎదుర్కొన్నదంటే దానికి కారణాలు ఉండాలి.

*

మొదటి కారణం ఉద్యోగం. ఫుట్‌బాల్ ఆడితే పూట గడవని రోజుల్లో, ఆటగాడికి పోలీసు కొలువు అంటే నెల తిరిగేసరికి జీతం. పేదింటి పిల్లవాడు ఆట మానేసి ఏ దుకాణంలోనో చేరవలసిన అవసరం లేకపోయింది. తెల్లవారుజామున లేవడం, వరుసలో నిలవడం, చెప్పిన మాట వినడం ఎలాగూ ఆ కొలువులో ఉన్నవే. పదకొండుమంది ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి కలిసి ఆడితే, ఒకరి కదలిక ఒకరికి చూడకుండానే తెలుస్తుంది.

రెండవ కారణం రహీం. ఆయన బడిపంతులు అన్న సంగతి మరవకూడదు. పిల్లవాడికి ఏది రాదో అది కనిపెట్టి దానిమీద పాఠం పెట్టడం ఉపాధ్యాయుని లక్షణం. మన ఆటగాళ్లలో ఎక్కువమంది కుడికాలితో తప్ప తన్నలేరని గ్రహించి, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించారు. బంతిని కాళ్లకు అంటించుకుని ఒక్కడే పరుగెత్తే అలవాటును వదిలించడానికి డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టించారు. బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి అందించవలసిందే. వీటికి డబ్బు అక్కరలేదు, విదేశీ సామగ్రి అక్కరలేదు. ఆలోచన ఒక్కటే కావాలి. ఈనాటికీ మా మైదానంలో కుర్రవాళ్లను చూస్తూ, వీళ్లకు ఆ రెండు పోటీలు పెడితే ఎంత బాగుండునో అనుకుంటూ ఉంటాను.

రహీం దేశపు జట్టుకు కూడా శిక్షకుడయ్యారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారతదేశం స్వర్ణం గెలిచింది. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. ఆ పరాభవం తరువాతనే మన సంఘం బూట్లు తప్పనిసరి చేసింది.

నాలుగేళ్లకు మెల్బోర్న్ ఒలింపిక్స్. ఆ జట్టులో మన హైదరాబాదువాళ్లు ఎందరున్నారో చూడండి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. 1956 డిసెంబరు 1న భారతదేశం ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియాతో 4-1తో ఓడినా, ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. చివరకు నాలుగవ స్థానం దక్కింది.

ఆ తేదీలో ఒక చిత్రం ఉంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం రద్దయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మెల్బోర్న్‌లో మన ఆటగాళ్లు ఆస్ట్రేలియాను ఓడించేనాటికి వాళ్లు బయలుదేరిన రాష్ట్రం లేదు. అంతకంటె విచిత్రం, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ 1957-58లోనూ గెలిచిన జట్టు పేరు హైదరాబాదు. పటంలో చెరిగిపోయిన రాష్ట్రం రెండేళ్లు వరుసగా దేశంలో మొదటి స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితపు చివరి విజయం. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల కేన్సరుతో బాధపడుతున్నారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారతదేశం రెండవసారి స్వర్ణం తెచ్చుకున్నది. బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ విజయంలో ఉన్న మన హైదరాబాదు బిడ్డలు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆ తరువాత భారతదేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం చూడలేదు. 1960 రోమ్ తరువాత ఒలింపిక్స్‌కు అర్హత కూడా పొందలేదు.

*

ఇంత జట్టు ఎలా కనుమరుగైంది?

ఒక్కనాడు జరిగింది కాదు. 1963 డ్యూరాండ్ ఫైనల్లో ఆంధ్ర పోలీసులు ఆడి ఓడారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే చివరిది. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. బెంగాల్ 33వ సారి గెలిచింది. ఆతిథ్యం మాత్రం మనది.

ఆటగాళ్లు తగ్గలేదు, వెళ్లిపోయారు. బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టి, ఇక్కడి నేలమీద ఆట నేర్చిన ఆయన ఇరవై ఏడేళ్లు నిండకముందే జబ్బువల్ల ఆట మాని, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. సయ్యద్ నయీముద్దీన్ కలకత్తా వెళ్లి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడయ్యాడు. మహమ్మద్ హబీబ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో సమం చేసింది. ఆ రెండు గోళ్లలో ఒకటి మన హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో చనిపోయాడు. కలకత్తా ఏడ్చినంతగా మనం ఏడ్వలేదు.

వాళ్లు డబ్బుకోసం వెళ్లారని తేలికగా అనేస్తాము. డబ్బు ఒక కారణమే, కాదనను. కాని నా ఆలోచన మరొకటి. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు. చందా కట్టేవాళ్లు, కార్యవర్గాన్ని ఎన్నుకునేవాళ్లు, జట్టు ఓడితే ఇంట్లో పొయ్యి వెలిగించనివాళ్లు. క్లబ్బును ఎవరైనా చెడగొడితే అడిగే హక్కు వాళ్లకుంది. పోలీసు జట్టుకు అభిమానులున్నారు గాని సభ్యులు లేరు. మా మేనమామ ఎంత ఇష్టపడినా ఆ జట్టులో ఆయనకు గవ్వంత భాగం లేదు. అది శాఖవారి జట్టు. శాఖకు ఇష్టమున్నంతకాలం నడిచింది. శాఖకు వేరే పనులు ముఖ్యమైనప్పుడు చిక్కిపోయింది. ఏ ఆటగాడికి కొలువు ఇచ్చారో, ఏ యేడు ఇవ్వడం తగ్గించారో అడగడానికి బయటివాడు ఎవడు? పోలీసు శాఖను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. శాఖ పని శాంతిభద్రతలు. ఫుట్‌బాల్ దానికి మించి చేసిన ఉపకారం. ఒక నగరపు గర్వాన్నంతా ఒక కార్యాలయపు దయమీద నిలబెట్టి, మనం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడమే తప్పు.

రెండవ సంగతి, మన భాష. ఆ జట్టులోని పేర్లను మళ్లీ చూడండి. ముస్లిం పేర్లు, క్రైస్తవుల పేర్లు, తమిళుల పేర్లు. తెలుగు ఇంటి పేర్లు వెతుక్కోవాలి. వాళ్లు మైదానంలో ఒకరినొకరు పిలుచుకున్నది దక్కనీ ఉర్దూలో. వాళ్ల ఘనతను రాసిపెట్టినవి కలకత్తా, బొంబాయి పత్రికలు. నేను చదివిన తెలుగు పుస్తకాలలో, ఆనాటి హైదరాబాదు గురించి ఎంతో ప్రేమగా రాసినవాటిలో సైతం, ఇరానీ చాయ్ దొరికింది, ముషాయిరాలు దొరికాయి. నూర్ మహమ్మద్ దొరకలేదు. తెలుగువాళ్లు తమది అనుకోలేదు. పాతబస్తీ చెప్పుకున్నది తెలుగులోకి రాలేదు. ఇక పల్లెలలో మా నాయనమ్మవంటివాళ్లకు ఆ జట్టు పేరులోని రెండవ మాటే చాలు, వినకుండా లేచిపోవడానికి. మూడు వైపుల నుంచీ అది ఎవరిదీ కాకుండా పోయింది.

2024లో రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగన్ రహీంగా నటించాడు. మంచిదే. కాని మన బడిపంతులును మనకు బొంబాయివాళ్లు పరిచయం చేయవలసి వచ్చింది.

*

ఇక ఆ కుర్రవాడు చెప్పిన ఢిల్లీ సంగతి. 2019లో హైదరాబాదు పేరుతో ఒక కొత్త వృత్తి క్లబ్బు పుట్టింది. మూడేళ్లలోనే ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించింది. కరోనా మూలంగా ఆ పోటీలన్నీ గోవాలోనే జరగడంతో, హైదరాబాదు తన జట్టు గెలుపును టీవీలో చూసింది. మరి మూడేళ్లకు, 2025లో, యాజమాన్యం మారి క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారింది. అడిగినవాడు లేడు. అడగడానికి మళ్లీ అదే చిక్కు: అభిమానులున్నారు, సభ్యులు లేరు. ఒకనాడు శాఖది, ఈనాడు వ్యాపారిది. ఊరిది మాత్రం ఎన్నడూ కాదు.

ఇంగ్లండులోనూ ఇటువంటిది జరిగింది. 2002లో లండన్‌లోని వింబుల్డన్ ఎఫ్‌సీని అక్కడికి ఎంతో దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి అనుమతి దొరికింది. అభిమానులు ఏం చేశారు? కొన్ని వారాలలో తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. బహిరంగ మైదానంలో ఎవరైనా రావచ్చునని పిలిచి ఆటగాళ్లను ఎంచుకున్నారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని పేరు పెట్టి తొమ్మిదవ శ్రేణిలో, అంటే నాన్-లీగ్ అడుగున, మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లు ఎక్కి 2011లో లీగులో ప్రవేశించారు. 2020లో తమ పాతపేట ప్లౌ లేన్‌లో కట్టుకున్న సొంత మైదానానికి తిరిగివచ్చారు. ఆ క్లబ్బు యాజమాన్యంలో ఇప్పటికీ పెద్ద వాటా అభిమానుల సంఘానిదే.

వాళ్లు మనకంటె ధనికులు కాబట్టి చేయగలిగారని అనవచ్చు. అది కొంత నిజం. కాని మొదటి రోజున వాళ్ల దగ్గర ఉన్నది డబ్బు కాదు, 'ఇది మాది' అన్న పట్టుదల. షెఫీల్డ్‌లో క్రెస్విక్, ప్రెస్ట్‌ల దగ్గర ఉన్నది ఒక బంతి, ఒక పుస్తకం. మన దగ్గర రహీం ఉన్నారు, నూర్ ఉన్నాడు, బలరాం ఉన్నాడు, ఐదు రోవర్స్ కప్పులున్నాయి. ఆ పుస్తకం ఒక్కటి లేదు.

*

వారం తరువాత మైదానంలో ఆ కుర్రవాడికి ఈ కథంతా చెప్పాను. మిగతావాళ్లూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. డ్యూరాండ్ ఫైనల్ దగ్గర ఒకడు, "మోహన్ బగాన్నా సార్, నిజంగనా?" అని రెండుసార్లు అడిగాడు. బలహీనమైన కాలి పోటీ సంగతి వాళ్లకు బాగా నచ్చింది. అప్పటికప్పుడు లేచి ఎడమకాలితోనే ఆడాలని పందెం కట్టుకుని, పావుగంటసేపు ఒకరిమీద ఒకరు పడుతూ నవ్వుతూ ఆడారు. ఆ పావుగంటలో ఒక్క గోలూ పడలేదు.

చీకటి పడుతుండగా అడిగాను, "మీ టీం పేరేంది?"

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాలుగేళ్లుగా రోజూ కలిసి ఆడుతున్నారు, బంతి చినిగితే తలా ఇంత వేసుకుని కొంటున్నారు, నల్లగొండకు వెళ్లి రెండుసార్లు ఆడి వచ్చారు. పేరు పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. ఎవరితో ఆడారో గుర్తుంది గాని ఏ తేదీనో, ఎన్ని గోళ్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు.

మరునాడు కిరాణా కొట్టులో రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని తీసుకెళ్లి ఇచ్చాను. మొదటి పేజీలో పేర్లు రాయమన్నాను. తండ్రి పేరు, వాడ పేరు, ఏ స్థానంలో ఆడతాడు, ఏ కాలు గట్టిది. బంతికి ఎవరు ఎంత ఇచ్చారో కూడా రాయమన్నాను. అది రాస్తేనే బంతి అందరిదీ అవుతుంది. జట్టు పేరు దగ్గర గంటసేపు వాదించుకుని తేలక, ఆ గీత ఖాళీగా వదిలేశారు. తొందరేమీ లేదు.

నిన్న వెళ్లి చూస్తే రెండవ పేజీ కూడా నిండింది. తేదీ వేసి, కింద 3-2 అని రాసుకున్నారు. పక్కన చిన్న అక్షరాలతో, 'రెండో గోల్ ఎడమకాలితో' అని ఎవరో చేర్చారు.